పుర్రె గుర్తు లేని చోటు

పంతొమ్మిదేళ్ళ వయసులో నాకు ఫోన్ల గురించి తెలియనిది లేదు. నా చేతిలో ఉన్నది మాత్రం మా అమ్మ వాడి వదిలేసిన, మూల పగిలిన ఫోను ఒక్కటే. మిగతావన్నీ చదివి తెలుసుకున్నవి. చదివి తెలుసుకున్నదే గట్టి జ్ఞానమనీ, కొనుక్కున్నవాడి దగ్గర ఉండేది వట్టి బిల్లు కాగితమనీ అప్పట్లో నా నమ్మకం. ఇప్పటికీ ఆ నమ్మకం పూర్తిగా పోలేదు.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పేట. అక్కడి నుంచి మండల కేంద్రానికి షేర్ ఆటోలో అరగంట. ఇంటర్ తరవాత నా చదువు ఆగిపోయింది. అప్పటి నుంచి వారానికి నాలుగు రోజులు ఆ ఆటో ఎక్కి శాఖా గ్రంథాలయానికి వెళ్ళేదాన్ని. వెనక గదిలో ఒక ఇనప బీరువా నిండా పాత కంప్యూటరు పత్రికలు ఉండేవి. బాప్టిస్టు మిషన్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఒక మాస్టారు ఇల్లు ఖాళీ చేస్తూ వాటిని ఇచ్చేశారట. ఒక పక్క డిక్షనరీ పెట్టుకుని ఆ బీరువా మొత్తం చదివాను. వాటిలో రాసిన యంత్రాలు ఎప్పుడో పాత ఇనుముకు పోయి ఉంటాయి. అయినా మెమరీ అంటే ఏమిటో, ఫైలు చెరిపితే లోపల నిజంగా ఏం జరుగుతుందో, ఒక సమాచారం రెండు చోట్ల ఎందుకు ఉండకూడదో ఆ పేజీల్లోనే నేర్చుకున్నాను. నాకు ఎవరూ చెప్పలేదు. ఈ మాట నేను చాలామందికి చాలాసార్లు చెప్పేదాన్ని.

నాకు అభిప్రాయాలు ఎక్కువ. వెనక నాలుగు కెమెరాలున్నాయని ఫోను కొన్నవాడిని చూస్తే జాలి పడేదాన్ని కాదు, నవ్వేదాన్ని. ఆ నాలుగు కళ్ళలో రెండు గుడ్డివని, లెక్క కోసం అతికించినవని వాడి మొహం మీదే చెప్పేదాన్ని. టార్చిలైటు యాప్ దించుకుని, అది అడగ్గానే ఇంట్లోవాళ్ళ నంబర్లన్నీ దానికి అప్పజెప్పిన ఒక డిగ్రీ కుర్రవాణ్ణి, దీపం వెలగడానికి మీ అత్తగారి నంబరు దేనికిరా అని ఆటోలో పదిమంది ముందు అడిగాను. ఫోనును వేగం చేస్తానని చెప్పే యాప్‌లంత చెత్త ఇంకోటి లేదనేదాన్ని. అప్‌డేట్ వస్తే భయపడి వాయిదా వేసేవాళ్ళు, గుడ్‌మార్నింగ్ గులాబీలతో ఫోను నింపుకునేవాళ్ళు, తోలు కవరు తొడిగి ఫోనుకు చెమట పట్టించేవాళ్ళు, వీళ్ళందరికీ నా దగ్గర ఒక్కో మాట సిద్ధంగా ఉండేది. ఆ మాటల్లో చాలామటుకు నిజాలు. నిజం కాబట్టే అంత సుఖంగా అనగలిగేదాన్ని.

నాకు అన్నిటికంటే అసహ్యం ఒకే వస్తువు రెండుసార్లు ఉండటం. ఒకే ఫొటో నాలుగు కాపీలు, ఒకే పాట మూడు పేర్లతో, ఒకే మనిషి నంబరు రెండు చోట్ల. పేటలో ఫోను నిండిపోయిన వాళ్ళు నా దగ్గరకు వచ్చేవాళ్ళు. నేను డబ్బు తీసుకునేదాన్ని కాదు. మాటలనేదాన్ని, అదే నా కూలి. చేపలమ్మే పక్కింటి పిన్ని ఫోనులో ఐసు ఫ్యాక్టరీ నంబరు మూడుసార్లు ఉంటే రెండు తీసేశాను. తీరా చూస్తే ఆవిడకు చదువు రాదు. పైనుంచి ఎన్నో వరసో లెక్కపెట్టి ఫోను చేసుకుంటుంది. నేను రెండు తీసేసరికి వరస జరిగిపోయింది. ఐసుకని చేసిన ఫోను వియ్యంకుడికి వెళ్ళింది, ఆయనను రెండు పెట్టెలు పంపమని గదమాయించింది. ఈ కథ నేను వారం రోజులు అందరికీ అభినయించి చూపించాను. పిన్ని కూడా మొహమాటానికి నవ్వింది. ఆ తరవాత తన ఫోను నాకివ్వలేదు.

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఎండుచేపలు గంపకెత్తి కోటబొమ్మాళి తీసుకెళ్ళి అమ్మేది. ఆ గంపలోకీ, మా పొయ్యి మీదకీ చేప వచ్చేది అమ్మకు అన్నగారైన మా పెదమావ బోటు నుంచి. ఆయన ఆ బోటుకు తండేలు, అంటే ఇంజను పట్టుకుని, ఎటు వెళ్ళాలో, వల ఎక్కడ వదలాలో చెప్పే పెద్ద. బోటులో ఇంకా అయిదుగురు. అందులో ఆయన కొడుకు, మా బావ, ఒకడు. అప్పటికే ఇద్దరు పిల్లల తండ్రి. ముప్పై దాటాక ఇంకా తండ్రి చెప్పిన చోట వల వదలడం అతనికి రుచించేది కాదు. ఆ సంగతి పేటలో అందరికీ తెలుసు.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే రోజులని రెండు నెలలు వేట ఆపుతారు. వలలు బాగుచేసుకోవడం, ఇంజను విప్పి నూనె పోయడం, బోటుకు రంగు వేయడం అన్నీ అప్పుడే. అలాంటి ఒక ఉదయం మావ మా ఇంటికి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు చుట్టిన జీపీఎస్. అరచేతిలో పట్టే పాత రకం, రంగుల్లేని తెర, కింద మీటలు. రబ్బరు అంచులు ఉప్పు తిని తెల్లబడ్డాయి.

"ఇది నిండిపోనాదంటన్నాదే అమ్మీ. కొత్త పాయింటు ఎక్కట్లేదు. నీకు తెల్సునేటి ఇది?"

వెనకే బావ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "దానికేటి తెలస్తాది నాన్నా. పారీసి కొత్తది కొనమంటే ఇనవు. రంగుల్లో వస్తన్నాయి ఇప్పుడు."

"కొత్తదాన్లో నా పాయింట్లు ఉంటాయేటిరా?"

"నీ పాయింట్లు సూసి సూసి సేపలన్నీ ఒరిస్సా ఎలిపోనాయి" అన్నాడు బావ.

నాకు జీపీఎస్ చేతిలోకి రావడం అదే మొదటిసారి. కానీ దాని మీద ఆరు పేజీల వ్యాసం ఒకటి ఆ బీరువాలో మూడుసార్లు చదివాను. అయిదువందల పాయింట్లు, అంటే సముద్రంలో గుర్తుపెట్టుకున్న చోట్లు, పడతాయని, అంతకు మించి పట్టవని చూడకుండానే చెప్పాను. మావ కళ్ళు పెద్దవయ్యాయి. కొడుకు వైపు చూసి "ఇన్నావా" అన్నాడు. బావ ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

అప్పుడు మావ నా పక్కన అరుగు మీద కూర్చుని చెప్పిన మాటలు నాకు పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"ముందల ఒక పుస్తకంలో అన్నీ రాసీయే. నెంబరు, పక్కన బొమ్మ. నాకు అంకెలు తెలుస్తాయి, అచ్చరాలు రావు గాని బొమ్మ ఏస్తే సాలు. రాసినాక ఏది తియ్యాలో నాను కూకుని సెప్తాను. ముందల రాయి."

సరేనన్నాను. ఆయన అక్కడే కూర్చోబోతుంటే, నువ్వు పక్కనుంటే పని సాగదు మావా, చదవలేనిదాన్ని చూసి నువ్వు చేసేదేముంది, వెళ్ళి వల చూసుకో అన్నాను. నేను ఇంట్లో కూడా పుస్తకంలో మాటలే మాట్లాడేదాన్ని, చకారాలు సకారాలు కాకుండా జాగ్రత్తపడేదాన్ని. అది ఆయనకు గర్వం. "సరే తల్లీ" అని లేచి వెళ్ళాడు.

నోటుపుస్తకం తీశాను. పన్నెండు పాయింట్లు రాశాను. ఒక్కోదానికి రెండు పొడుగాటి అంకెలు, పక్కన బొమ్మ. అయిదువందలంటే రెండు రోజుల పని. కరెంటుతో నడిచే యంత్రంలో ఉన్నదాన్ని పెన్సిలుతో కాగితం మీదకు దించడం నాకు అవమానంగా తోచింది. ఆ పన్నెండూ ఉన్న కాగితం చింపి పొయ్యిలో వేశాను. అందరికీ బ్యాకప్ గురించి ఉపన్యాసాలిచ్చేదాన్ని నేనే. ఆ పాత యంత్రానికి కావలసిన కేబులు ఎక్కడా దొరకదు, కాబట్టి దానికి బ్యాకప్ అనేదే లేదని తేల్చుకున్నాను.

తరవాత తెర చూశాను. సముద్రం నిండా పుర్రెలు. ఆ జీపీఎస్‌లో పాయింటు దాచుకున్నప్పుడు పక్కన ఒక బొమ్మ ఎంచుకోవచ్చు. చేప, లంగరు, ఇల్లు, జెండా, పుర్రె. మావ దాచిన అయిదువందల్లో మూడు వందలకు పైగా పుర్రెలే. అవి కూడా ఒకదాని పక్కన ఒకటి, ముప్పై నలభై అడుగుల దూరంలో, గుంపులు గుంపులుగా. నాకు నవ్వు ఆగలేదు. ఒక్కదాన్నే కూర్చుని అంత గట్టిగా నవ్వడం విని పక్కింటి పిన్ని గోడ మీద నుంచి తొంగి చూసింది. మావ ఒకసారి మీట నొక్కాడు, నొక్కిన సంగతి మరిచిపోయి మళ్ళీ నొక్కాడు, మర్నాడు వచ్చి మళ్ళీ నొక్కాడు అనుకున్నాను. నేను చదివిన వ్యాసం ప్రకారం ఇలాంటి యంత్రం చెప్పే చోటుకూ నిజమైన చోటుకూ ఆ మాత్రం తేడా మామూలే. తేడా కానిదాన్ని తేడా అనుకుని పదిసార్లు దాచుకున్నాడు ముసలాయన. ఇదీ నా నిర్ణయం.

ఆ మధ్యాహ్నమంతా కూర్చుని చెరిపాను. ఒక్కో గుంపులో మధ్యనున్న పుర్రె ఒకటి ఉంచి, చుట్టూ ఉన్నవి తీసేశాను. సాయంత్రానికి అయిదువందలు కాస్తా రెండు వందల చిల్లరకు వచ్చాయి. తెర తెల్లగా, అందంగా ఉంది. ఆ పని నాకిచ్చినంత తృప్తి ఆ ఏడాది ఇంకేదీ ఇవ్వలేదు.

మావ వచ్చి తీసుకుని మీటలు నొక్కి చూశాడు. కళ్ళు చిట్లించాడు.

"గుర్తులు పల్సబడిపోనాయేటే?"

చెప్పొచ్చు. చెబితే ఆయన కూర్చుని ఒక్కొక్కటి అడుగుతాడు. నాకు ఓపిక లేదు. దూరం నుంచి చూస్తే అన్నీ కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి మావా, దగ్గరకు వెళితే విడివిడిగా వస్తాయి అన్నాను. కొత్త ఫోన్లలో మ్యాపులు అలాగే పనిచేస్తాయి, ఆయన యంత్రం అలా పనిచేయదు.

"పుస్తకంలో రాసినావా?"

"రాశాను."

"దాసి ఉంచు" అన్నాడు. జేబులోంచి వేరుశనగ చిక్కీ తీసి నా చేతిలో పెట్టాడు, నాకింకా ఎనిమిదేళ్ళన్నట్టు.

వేట మొదలైన మొదటి రోజు ఆయనే బోటు ముందు గంగమ్మకు కొబ్బరికాయ కొట్టాడు. నాలుగు రోజులు బాగానే సాగింది. అయిదో రోజు పొద్దున పది గంటలకు నేను అరుగు మీద కూర్చుని, కొత్తగా వచ్చిన ఒక ఫోను గురించి పేపర్లో పడిన పొగడ్తలో ఎన్ని తప్పులున్నాయో పెన్సిలుతో గీతలు పెడుతున్నాను. బోటు వాళ్ళు ఆరుగురూ తిన్నగా మా ఇంటికి వచ్చారు. అమ్మ ఆ రోజు ఊళ్ళోనే ఉంది. వాళ్ళ మొహాలు చూసి చేతిలో చేట కింద పెట్టింది.

వల నీళ్ళ కింద బండ మీద పడింది. వేట ఆగిన రెండు నెలలూ కూర్చుని కొత్తగా అల్లుకున్న వల. సగం అడుగునే ఉండిపోయింది. లాగితే బోటు పక్కకు ఒరిగింది. కత్తితో కోసి వదిలేసి వచ్చారు.

మావ నా ముందు కూర్చుని జీపీఎస్ చూపించాడు. గొంతు మామూలుగానే ఉంది.

"ఇదిగో ఈ పుర్రి ఉన్నాది. దీనికి ఉత్తరంగా ఇంకో పదో పన్నెండో ఉండాల. బండ అంతవరకూ పాకి ఉన్నాది. పుర్రి లేని సోట అడుగు ఇసక అని లెక్క. లేదు గదా అని వల ఒదిలీసినాను. దగ్గిరకెల్తే వస్తాయన్నావు గదే. నెత్తి మీదకి ఎల్లినా రానేదు."

అప్పుడు తెలిసింది నాకు. ఆయన మరిచిపోయి నొక్కినవి కావు అవి. పద్దెనిమిదేళ్ళుగా ఎక్కడెక్కడ వల చిరిగిందో అక్కడల్లా ఒక పుర్రె. అన్నీ కలిపితే నీళ్ళ కింద బండ అంచు గీత. ఒక్కో పుర్రె ఒక్కో చిరిగిన వల. నేను ఆ గీత చెరిపేసి మధ్యలో ఒక చుక్క ఉంచాను. చదువు రాని మనిషి బొమ్మలతో గీసుకున్న పటం అది. పటాలు చదవడం నాకొచ్చని నేను అనుకునేదాన్ని.

"మెషీన్ తప్పు చెప్పదు మావా" అన్నాను.

"మెసీను కాదే. పుస్తకం తే. నువ్వు రాసిన పుస్తకం. అందులో ఉంటాయి గదా అన్నీ. మల్లీ ఎక్కించీసుకుందాం."

అందరూ నా వైపు చూశారు. బావ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నాకు ఒక్క క్షణం పట్టింది. ఇన్నేళ్ళ తరవాత ఆ క్షణాన్ని పొడుగు చేసి, లోపల ఎంత నలిగిపోయానో రాయొచ్చు. అలాంటిదేమీ లేదు. పేటలో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్ని. ఆ పేరు పోతుందన్న భయం తప్ప ఇంకేదీ నా బుర్రలో లేదు.

"ఏ పుస్తకం మావా? పుస్తకంలో రాయమని నువ్వు చెప్పలేదే."

"సెప్పినాను గదే. ఇక్కడే. ముందల రాయమన్నాను. రాసినానన్నావు."

"నేనలా అనలేదు. నిండిపోయింది, ఖాళీ చెయ్యమన్నావు. ఎక్కువైనవి తీసెయ్యమన్నావు. తీసేశాను. ఇంకేం చెప్పలేదు."

చాలా నెమ్మదిగా, పిల్లవాడికి లెక్క చెప్పినట్టు చెప్పాను. గట్టిగా అరిచి ఉంటే ఆయన కూడా అరిచేవాడేమో. అమ్మ వైపు చూశాడు. ఆయన పుస్తకం సంగతి చెప్పిన రోజు అమ్మ కోటబొమ్మాళిలో ఉంది, ఆమెకేం తెలుసు. కొడుకు వైపు చూశాడు.

"నువ్వున్నావు గదరా గుమ్మంలో."

"నాను ముందలే ఎలిపోనాను" అన్నాడు బావ. అది నిజం. ఆ తరవాత అన్నది మాత్రం చాలాకాలంగా నోట్లో పెట్టుకున్నది. "నాన్నా, మొన్న డీజిలు డబ్బా ఒడ్డునే మరిసిపోనావు. అంతకు ముందల ఐసు మరిసిపోనావు. ఇప్పుడు సెప్పనిది సెప్పినానంటన్నావు. ఆ గుంట సదువుకున్నది. నీకు సదవడం రాదు. ఎవులి మాట నమ్మాల మేము?"

డీజిలు డబ్బా ఒడ్డున అందరూ ఎప్పుడో ఒకప్పుడు మరిచిపోతారు. ఆ మాట ఎవరూ అనలేదు.

మావ ఆ యంత్రానికి ప్లాస్టిక్ కవరు మళ్ళీ చుట్టాడు. నా వైపు చూసి, నన్ను ఓదార్చుతున్నట్టు అన్నాడు. "అలగయితే సెప్పనేదేమోలే. సెప్పుదామనుకుని మరిసిపోనాను కామాల."

మర్నాడు తెల్లవారుతుండగా ఆయన డీజిలు డబ్బా భుజాన పెట్టుకుని ఒడ్డుకు వెళ్ళాడు. బావ ఆ డబ్బా భుజం మీద నుంచి దించుకున్నాడట. "నువ్వు ఇంటికాడ ఉండు నాన్నా. ఒలలు సూసుకో" అన్నాడట. మిగతా నలుగురూ తాడు విప్పుతూ తల దించుకున్నారట. నేను అక్కడ లేను. ఆ రోజు గ్రంథాలయానికి వెళ్ళాను.

తండేలు పెద్దరికం పోవడం అంటే పేటలో చిన్న సంగతి కాదు. పెళ్ళి పిలుపులకు ఆయనను పిలిచే వరస మారుతుంది. పంచాయితీలో ఆయన కూర్చునే చోటు మారుతుంది. కానీ మావకు జరిగింది అంతకంటే వేరు. ఆయన తన బుర్రను తానే నమ్మడం మానేశాడు. అన్నం తిన్నాక అత్తను "తిన్నానేటే నాను" అని అడిగేవాడు. మాట చెబుతూ మధ్యలో ఆగి, "ఇది నీకు ముందలే సెప్పీసినానేటి" అనేవాడు. చెప్పి ఉండేవాడు కాదు. లేదంటే నమ్మేవాడు కాదు. పిల్లలు కనిపెట్టేశారు. తాతా, నాకు ఐసుక్రీము కొంటానన్నావు నిన్న అనేవాళ్ళు. ఆయన నిన్న అలా అని ఉండడు. అయినా జేబులో చెయ్యి పెట్టేవాడు. వల రిపేరు పాకలో కూర్చున్నవాళ్ళు మధ్యాహ్నం పూట పొద్దుపోక, "మావా, మొన్న నాకు నీ సైకిలు ఇచ్చీసినానన్నావు గదా" అని మొదలుపెట్టేవాళ్ళు. ఆయన కంగారుగా లేచి సైకిలు ఉందో లేదో చూసి వచ్చేవాడు. వాళ్ళు వలల్లో మొహాలు దాచుకుని నవ్వేవాళ్ళు.

నేను కూడా ఒకసారి నవ్వాను. అది కూడా రాయాలి.

డాక్టరుకు చూపించారు. ఏమీ లేదన్నాడు. ఏమీ లేదన్న మాట తాను మరిచిపోతానేమోనని ఆయన అత్తతో రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఏడేళ్ళు గడిచాయి. నేను మండల కేంద్రంలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో పనికి కుదిరాను. దరఖాస్తులు నింపుతాను, ఫోన్లు చూస్తాను. నా అభిప్రాయాలు తగ్గలేదు. ఇప్పుడు మడత పెట్టే ఫోన్లను చూసి నవ్వుతున్నాను. మనిషిలా మాట్లాడే యాప్‌లను అడిగి పెళ్ళి ముహూర్తాలు పెట్టుకునేవాళ్ళను చూసి ఇంకా గట్టిగా నవ్వుతున్నాను. కానీ ఒకరి ఫోను శుభ్రం చేసే ముందు పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కోటి అడుగుతాను. అది మంచితనం కాదు, భయం.

పోయిన వేసవిలో, వేట ఆపిన రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం పాక దగ్గరకు వెళ్ళాను. మావ ఒక్కడే ఉన్నాడు. కాలి బొటనవేలికి వల తగిలించుకుని కన్నాలు కడుతున్నాడు. ఆయన చేతులు ఏదీ మరిచిపోలేదు. ఒక్క ముడి కూడా తప్పు పడటం లేదు. పక్కన కూర్చుని చెప్పేశాను. పుస్తకంలో రాయమని నువ్వు చెప్పావు మావా, ముందర రాయమన్నావు, నేను రాయలేదు, రాశానని అబద్ధం చెప్పాను, తరవాత నువ్వు చెప్పలేదని ఇంకో అబద్ధం చెప్పాను, నీ బుర్ర బాగానే ఉంది, ఎప్పుడూ బాగానే ఉంది అన్నాను. అభ్యాసం చేసుకున్న మాటలే కాబట్టి ఎక్కడా తడబడలేదు.

ఆయన సూది ఆపాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఎవులు సెప్పమన్నారే ఇలగ? మీ అమ్మేనా?"

"ఎవరూ చెప్పమనలేదు. నిజం మావా."

"నీకు నా మీద జాలేసినాది. మంచిదానివే నువ్వు. కానీ నా సంగతి నాకు తెల్దేటి అమ్మీ? అందరికంటే ముందల కనిపెట్టింది నువ్వే గదా. మిగతావోళ్ళకి తరవాత తెలిసినాది."

నేను ఎంత చెప్పినా అంతే. పన్నెండు పాయింట్లు రాసి చింపిన సంగతి చెప్పాను. చిక్కీ సంగతి చెప్పాను. "నాకు గురుతు లేదు" అన్నాడు, అదే రుజువన్నట్టు. నాకు కోపం వచ్చింది. జీవితంలో మొదటిసారి నా పరువు పోయే నిజం చెబుతుంటే నమ్మని మనిషి మీద వచ్చిన కోపం. లేచి వచ్చేశాను.

అదే కోపంతో బావ దగ్గరకు వెళ్ళాను. ఇంటి ముందు బోటు ఇంజను విప్పి నేల మీద పెట్టుకుని కూర్చున్నాడు. అంతా విన్నాడు. చేతులకున్న గ్రీజును గుడ్డతో ఒక్కో వేలే తుడుచుకున్నాడు.

"నాకు తెల్సు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆ రోజే తెల్సు. నువ్వు కళ్ళెత్తకుండా మాటాడినావు. ఎప్పుడూ అందరి కళ్ళల్లోకి సూసి తిట్టేదానివి." గుడ్డ పక్కన పెట్టాడు. "ఇప్పుడేటి సేయమంటావు? ముసిలోణ్ణి మల్లీ ఎక్కించీమంటావా? డెబ్బై దగ్గిర పడినాయి. సెయ్యి పట్టుకుని దించీసినోడు ఎవుడు, నానే. ఆయన బుర్ర తిన్నగా ఉన్నాదని తెలిస్తే ఈ పేటలో నన్నేటంటారు? నిన్నేటంటారు? మీ అమ్మ గంపలోకి సేప ఏ బోటు నుంచి వస్తన్నాది?"

అతను గుడ్డ మళ్ళీ అందుకుని ఒక బోల్టు తుడవసాగాడు.

"ఆయన నమ్మనేదు గదా. బాగున్నాది. ఇంకోపాలి సెప్పకు."

సరేనన్నాను.

రెండు రోజుల తరవాత, నేను సెంటర్‌కు బయలుదేరుతుంటే, మావ ఆటో స్టాండు దాకా నడుచుకుంటూ వచ్చాడు. అంత దూరం ఆయన నడవడం మానేసి చాలాకాలమైంది. చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు. తల దువ్వుకున్నాడు. ఆటోలో అప్పటికే నలుగురున్నారు. ఆయన నన్ను పక్కకు పిలిచి, ఎవరికీ వినపడకుండా అడిగాడు. మొహం మీద ఏదో ఉంది. ఏడేళ్ళుగా నేను అక్కడ చూడనిది.

"మొన్న పాకలో నువ్వేదో సెప్పినావు గదే. పుస్తకం గురించి. నాను సెప్పినానని. రెండు రోజులై అదే ఆలోసిస్తన్నాను. నిజంగా సెప్పినావా నువ్వు, నాకలగ అనిపించినాదా?"

ఆటో డ్రైవరు హారను కొట్టాడు. ఆటోలో ఉన్నవాళ్ళలో ఒకామె బావ అత్తగారు.

"నేనేమీ చెప్పలేదు మావా. ఆదివారం నేను పాకకు రానే లేదు."

ఆయన నా మొహంలోకి చూశాడు. ఈసారి నేను కళ్ళు దించలేదు. నేర్చుకున్నాను కదా.

"అదే అనుకున్నాను" అన్నాడు. పై గుండీ తీసేసి మెడ రుద్దుకున్నాడు. "జాగర్తగా ఎల్లిరా తల్లీ." తిరిగి పేట వైపు నడిచాడు. ఆటో కదిలింది. పక్కనున్నామె ముసలాయన ఏం అడిగాడని అడిగింది. టైమెంతని అడిగాడన్నాను.